నా సిమ్యులేషన్‌లో ఒక్క రాయీ పగల్లేదు. మరి ఆ చుక్క చుట్టూ దుమ్ము ఎక్కడిది?

కంకరమిల్లు_పిల్ల

అందరికీ నమస్కారం. వరంగల్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకి డెబ్రిస్ డిస్కులు తీసుకున్నాను. గ్రహాలు తయారవడం అయిపోయాక మిగిలిన రాళ్లు, మంచుముద్దలు (ప్లానెటెసిమల్స్ అంటారు) ఒకదాన్నొకటి గుద్దుకుని పిండి అవుతుంటాయి. ఆ పిండి చుక్క చుట్టూ చక్రంలా కనబడుతుంది, అదే డెబ్రిస్ డిస్క్. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీ, నెప్ట్యూన్ అవతలి కైపర్ బెల్ట్ కూడా ఈ జాతివే.

నేను ఎంచుకున్న చుక్క హెచ్‌డీ 107146. సూర్యుడి లాంటిదే, కానీ లేత వయసు, 8 కోట్ల నుంచి 20 కోట్ల ఏళ్ల మధ్య. దూరం 90 కాంతి సంవత్సరాలు. చిలీలోని అల్మా టెలిస్కోపు తీసిన చిత్రంలో దీని దుమ్ము 30 ఏయూ దగ్గర మొదలై 150 ఏయూ దాకా పరుచుకుని ఉంది (భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక ఏయూ). నడిమధ్యన, 75 ఏయూ దగ్గర, దాదాపు 40 ఏయూ వెడల్పున దుమ్ము పలచబడింది. అక్కడ ఏదో గ్రహం ఉండి ఊడ్చేసి ఉంటుందని అనుకుని మొదలుపెట్టాను.

రీబౌండ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మధ్యన సూర్యుడంత చుక్క, 75 ఏయూ దగ్గర గురుడంత గ్రహం, చుట్టూ 1500 బరువులేని టెస్ట్ పార్టికల్స్ పెట్టాను. ఇంటిగ్రేటర్ (అడుగడుగునా కక్ష్యలు లెక్కకట్టే పద్ధతి) డబ్ల్యూహెచ్‌ఫాస్ట్. కోటి ఏళ్లు నడపమని చెప్పి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఖాళీ వచ్చింది గానీ అంచులు చిందరవందరగా ఉన్నాయి, వెడల్పు 25 దాటలేదు. అంతకంటే పెద్ద చిక్కు, ఒక్క రాయి కూడా ఇంకో రాయిని గుద్దుకోలేదు!

నిన్న మా గైడ్ సార్ ఒకటే ప్రశ్న అడిగారు. "సన్న దుమ్ము అంతకాలం నిలవదని రిపోర్టులో నువ్వే రాశావు. చుక్క వయసేమో పది కోట్ల ఏళ్లు. మరి ఆ దుమ్ము ఎట్లా ఉందమ్మా?" నాకు నోట మాట రాలేదు. అప్పటి నుంచీ అదే టెన్షన్.

ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నానో కూడా చెబుతాను. మాది కరీంనగర్ పక్క ఊరు. నాన్న కంకర క్రషర్‌లో టిప్పర్ నడుపుతాడు. క్రషర్‌కి పోయే దారిలో చింతచెట్లన్నీ తెల్లగా ఉంటాయి, ఆకుపచ్చ రంగే కనబడదు. డెబ్రిస్ డిస్క్ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ చెట్లే గుర్తొచ్చాయి. ఎవరైనా దారి చూపిస్తే చాలు.

అటకామా_రాత్రులు

చెల్లీ, నేను జర్మనీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, పని ఈ బెల్టుల మీదే. మీ సార్ అడిగింది ఈ రంగంలో మొట్టమొదటి ప్రశ్న. దాని జవాబు నీ చింతచెట్ల మీదే ఉంది.

వాన కురిస్తే ఆ ఆకులు కడిగినట్టు అవుతాయి కదా? రెండు రోజుల తర్వాత మళ్లీ తెల్లబడ్డాయంటే అర్థమేమిటి, మిల్లు నడుస్తోందని. పోయిన ఏడాది దుమ్ము అక్కడ కూర్చుని లేదు. డెబ్రిస్ డిస్క్ కూడా అంతే. మనకు కనబడేది గ్రహాలు పుట్టిన రోజుల నాటి దుమ్ము కాదు, ఈ మధ్య నలిగి వచ్చినది. పాతది ఎప్పుడో పోయింది.

ఎలా పోతుందో చిన్న లెక్క చూడు. చుక్క వెలుగు రేణువుని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడుకీ చుక్క ఆకర్షణకీ ఉన్న నిష్పత్తిని బీటా అంటాం. రేణువు ఎంత సన్నదైతే బీటా అంత ఎక్కువ. గుండ్రటి కక్ష్యలో తిరిగే పెద్ద రాయి నుంచి ఒక రేణువు ఊడిందనుకో. దాని వేగం తల్లిరాయి వేగమే, కానీ దాని మీద ఆకర్షణ (1 - బీటా) వంతే. తప్పించుకునే వేగం వర్గానికీ, గుండ్రటి కక్ష్య వేగం వర్గానికీ నిష్పత్తి 2 అని నీకు తెలుసు. అందుకే బీటా సగం దాటిందంటే ఆ రేణువు ఇక చుక్కకి కట్టుబడి ఉండదు. సూర్యుడి లాంటి చుక్కల దగ్గర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులకి ఇదే గతి. ఒక్క చుట్టు తిరిగేంత కాలంలో వెళ్లిపోతాయి. 75 ఏయూ దగ్గర ఒక చుట్టు అంటే 650 ఏళ్లు. పది కోట్ల ఏళ్ల ముందు అదెంత!

ఇక నీ రాళ్లు ఎందుకు గుద్దుకోలేదంటే, టెస్ట్ పార్టికల్‌కి బరువూ లేదు, సైజూ లేదు. అది ఒక బిందువు మాత్రమే. సైజు ఇచ్చినా అంత చోటులో 1500 రాళ్లు ఎదురుపడవు. అసలు బెల్టులో ఉండే రాళ్లన్నీ ఏ కంప్యూటర్‌లోనూ పట్టవు. అందుకే మేము పనిని రెండుగా విడగొడతాం. రాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఎన్-బాడీ (నువ్వు నడిపినలాంటి, ఆకర్షణతో కక్ష్యలు కట్టే సిమ్యులేషన్) చెబుతుంది. ఏ సైజువి ఎన్ని ఉన్నాయో, ఎంత వేగంగా అరుగుతున్నాయో కొలిజనల్ కాస్కేడ్ లెక్క చెబుతుంది. పెద్దవి పగిలి మధ్యరకం, మధ్యరకం పగిలి చిన్నవి, చిన్నవి పగిలి దుమ్ము. నువ్వు మొదటిది చేసి, రెండోదాని జవాబు అందులో వెతుకుతున్నావు.

ఈ కథ మొదలైందే ఊహించని చోట. 1983లో ఐరాస్ అనే ఇన్‌ఫ్రారెడ్ ఉపగ్రహం వేగాని, అంటే మన అభిజిత్ నక్షత్రాన్ని, కొలతలు సరిచూసుకోవడానికి చూసింది. దుకాణంలో తూకపురాయి లాంటి చుక్క అది. తీరా చూస్తే అది ఇన్‌ఫ్రారెడ్‌లో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వెలుగుతోంది. చుట్టూ వెచ్చబడిన దుమ్ము ఉందన్నమాట. ఆ మరుసటి ఏడాదే చిలీలోని లాస్ కాంపనాస్ నుంచి బ్రాడ్‌ఫర్డ్ స్మిత్, రిచర్డ్ టెరిల్ బీటా పిక్టోరిస్ అనే చుక్క వెలుగు పడకుండా అడ్డుపెట్టి, దాని పక్కన పళ్లెం అంచులా సాగిన దుమ్ముని ఫోటో తీశారు.

బీటా పిక్టోరిస్ సంగతి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2004-05లో స్పిట్జర్ టెలిస్కోపుకి అక్కడ సన్నటి వేడి దుమ్ము జాడ బాగా కనబడింది. 2023లో జేమ్స్ వెబ్ అదే చోట చూస్తే ఆ జాడ లేదు! పెద్ద గుద్దుకోవడం ఒకటి జరిగి, ఆ దుమ్ము తర్వాత బయటికి ఎగిరిపోయిందని ఆ పరిశోధకుల వివరణ. ఇరవై ఏళ్లు, చెల్లీ. మనిషి జీవితంలో చూడగలిగినంత.

మీ సార్‌కి ముందు ఈ జవాబు చెప్పు. ఖాళీ వెడల్పు సంగతి తర్వాత చూద్దాం.

కోడ్_చదివేవాడు

నాకు ఖగోళం అంతగా రాదు, రీబౌండ్ మాత్రం రోజూ వాడతాను. రెండు విషయాలు.

మీరు యూనిట్లు ఏమీ మార్చలేదు కదా? రీబౌండ్‌లో మనం చెప్పకపోతే జీ (గురుత్వ స్థిరాంకం) విలువ 1. చుక్క బరువు 1, దూరం ఏయూల్లో పెడితే ఒక సంవత్సరం అంటే 1 కాదు, 2 పై, అంటే 6.283. మీరు కోటి అని రాసిన చోట నిజంగా నడిచింది 16 లక్షల ఏళ్లే. కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇక్కడే పడతారు, నేనూ పడ్డాను.

రెండోది, డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ వేగమైనదే గానీ రాయి గ్రహానికి బాగా దగ్గరగా వెళ్లినప్పుడు దాని లెక్క నమ్మలేం. మీ ఖాళీ అంచుల దగ్గర జరిగేదంతా అలా దగ్గరగా ఎదురుపడటమే. మెర్క్యూరియస్‌కి మారండి. మామూలప్పుడు అది డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ లాగే నడుస్తుంది, దగ్గరైనప్పుడు మాత్రం జాగ్రత్తగా చిన్న అడుగులు వేస్తుంది. అంచులు శుభ్రపడతాయని నా నమ్మకం.

పాత_ఫిజిక్స్_మాస్టారు

అమ్మా, డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివి సంతోషం వేసింది. మీ సార్ అడిగిన ప్రశ్నని మన ఇంటి డాబా మీద నుంచే చూడొచ్చని చెప్పడానికి రాస్తున్నాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అమావాస్య దగ్గర రోజుల్లో, లైట్లు లేని చేనుకి వెళ్లు. పొద్దుగుంకి సందె వెలుగు పూర్తిగా పోయాక, ఇంచుమించు గంటన్నర తర్వాత, పడమటి వైపు చూడు. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, గోపురం ఆకారంలో మసక వెలుగు ఒకటి ఏటవాలుగా నిలబడి ఉంటుంది. పక్కన ఊరు ఉందేమో, దాని వెలుతురేమో అనిపిస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు ఇవ్వాలి. నేరుగా చూస్తే జారిపోతుంది, కాస్త పక్కకి చూస్తే తేలుతుంది. అదే జోడియాకల్ లైట్, గ్రహాలు తిరిగే తలంలో పరుచుకున్న దుమ్ము మీద పడిన సూర్యుడి వెలుగు. అంటే మన సూర్యుడి డెబ్రిస్ డిస్క్‌ని మనం లోపల నిలబడి చూస్తున్నాం. పిల్లల్ని బస్సులో తీసుకెళ్లి చూపించిన రాత్రులు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

ఆ దుమ్ము కూడా నిలిచేది కాదు. తిరిగే రేణువుకి సూర్యకాంతి ఎదురుగాలిలా తగిలి, వేగం తగ్గించి, చుట్లు చుట్లుగా సూర్యుడివైపు లాగుతుంది. పాయింటింగ్-రాబర్ట్‌సన్ ప్రభావం అంటారు. పది మైక్రాన్ల రేణువు గ్రహశకలాల పట్టీ నుంచి బయలుదేరితే ఇంచుమించు లక్ష ఏళ్లలో సూర్యుణ్ణి చేరుతుంది. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్లు. అయినా ఆ వెలుగు నిన్న ఉంది, ఇవాళా ఉంది. తోకచుక్కలు విదిలిస్తున్నాయి, గ్రహశకలాలు నలుగుతున్నాయి. నింపేది నింపుతోంది, పోయేది పోతోంది.

ఇంకొక మాట. ఖాళీ వెడల్పు గురించి ఆలోచించేటప్పుడు రేణు మల్హోత్రా పని చదువు. ఆమె పెరిగింది హైదరాబాద్‌లో, ఇప్పుడు అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోపు ప్లూటో సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. ఆ జత ఎలా కుదిరిందో 1993లో ఆమె చూపించారు. నెప్ట్యూన్ పుట్టిన చోటే ఉండిపోలేదు, మెల్లగా బయటికి జరిగింది, జరుగుతూ ప్లూటోని ఆ లయలోకి తోసుకుపోయింది అని. నువ్వు గ్రహాన్ని 75 దగ్గర మేకు కొట్టినట్టు ఎందుకు పెట్టావమ్మా? గ్రహాలు కదులుతాయి.

కంకరమిల్లు_పిల్ల

అక్కా, మాస్టారూ, కోడ్ చూసిన అన్నా, ముగ్గురికీ చాలా చాలా థ్యాంక్స్. 2 పై సంగతి నిజమే, సరిగ్గా అదే తప్పు చేశాను. మళ్లీ నడుపుతున్నాను.

అక్కా, ఒక సందేహం. దుమ్ము చూసి మిల్లు నడుస్తోందని చెప్పగలం, సరే. కానీ మిల్లు వెనక ఎంత గుట్ట ఉందో దుమ్ము చూసి చెప్పగలమా? నాన్నని అడిగితే "డస్ట్ చూసి గుట్ట ఎంతుందో ఎవడు చెప్తడు బిడ్డా" అన్నాడు.

అటకామా_రాత్రులు

నాన్నగారు ఇప్పుడు మా రంగంలో అందరూ తల పట్టుకున్న చోట వేలు పెట్టారు.

కాస్కేడ్ నిలకడగా నడుస్తుంటే ఏ సైజు రాళ్లు ఎన్ని ఉంటాయో 1969లో డోనాని అనే శాస్త్రవేత్త లెక్క కట్టాడు. సంఖ్య, సైజుకి మైనస్ 3.5 ఘాతంగా మారుతుంది. దాన్నిబట్టి సంఖ్యలో దుమ్ముదే పైచేయి, బరువులో పెద్ద రాళ్లది. మొత్తం బరువు అన్నిటికంటే పెద్ద రాయి సైజుకి వర్గమూలంలా పెరుగుతుంది. అల్మాకి కనబడేది మిల్లీమీటరు రేణువులు. వాటి మొత్తం బరువు ఉదాహరణకి చందమామంత అనుకో, భూమిలో 81వ వంతు. కాస్కేడ్ కిలోమీటరు రాళ్ల దాకా సాగితే సైజు పది లక్షల రెట్లు, బరువు వెయ్యి రెట్లు, అంటే 12 భూములు. నమ్మొచ్చు. అదే 100 కిలోమీటర్ల రాళ్ల దాకా సాగితే బరువు పదివేల రెట్లు, 120 భూములు! దుమ్ము బాగా ఉన్న బెల్టులకి ఈ లెక్క వేస్తే వందలు, వేల భూములు వస్తాయి. గ్రహాలు పుట్టే తొలినాటి డిస్కుల్లోనే అంత ఘనపదార్థం ఉండదు.

క్రివోవ్, వయట్ అనే పరిశోధకులు 2021లో ఒక దారి చూపించారు. ఆ బెల్టుల్లో రాళ్లు పుట్టడమే చిన్నగా, కిలోమీటరు సైజులో పుట్టి ఉండొచ్చు అని. కానీ ప్లానెటెసిమల్స్ ఎలా పుడతాయో చెప్పే స్ట్రీమింగ్ ఇన్‌స్టెబిలిటీ సిమ్యులేషన్లు చూస్తే, గులకరాళ్లు గ్యాస్‌లో గుంపులుగా చేరి, తమ బరువుకి తామే కుప్పకూలి, ఎకాఎకి 100 కిలోమీటర్ల ముద్దలవుతాయి. మన కైపర్ బెల్ట్ కూడా ఆ వైపే మొగ్గుతోంది. 2015లో న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో, దాని చందమామ కేరన్ పక్కనుంచి వెళ్లినప్పుడు వాటి మీద చిన్న గుంటలు అనుకున్నదానికంటే చాలా తక్కువ కనబడ్డాయి. గుంట చేయడానికి చిన్న రాళ్లు అంతగా లేవన్నమాట. 2019 జనవరి 1న అదే నౌక కైపర్ బెల్ట్‌లోని అరోకాత్ అనే చిన్న ముద్ద దగ్గరికి వెళ్లింది. అదొక మంచుమనిషి బొమ్మలా ఉంది. రెండు ముద్దలు ఎంత మెల్లగా ఆనుకున్నాయంటే, అతుకు దగ్గర పగిలిన జాడే లేదు.

నాకు మాత్రం క్రివోవ్ వాళ్ల మాట పూర్తిగా మింగుడుపడటం లేదు. కైపర్ బెల్ట్ ఒక్కటే వేరుగా పుట్టిందని ఎందుకు అనుకోవాలి? ఇది మా గ్రూపులో వారంవారం జరిగే వాదన.

ఇక ఖాళీ వెడల్పు. గ్రహం బరువుని చుక్క బరువుతో భాగించి 2/7 ఘాతం తీసుకో. 1.3తో, ఆపై కక్ష్య వ్యాసార్ధంతో గుణించు. గ్రహానికి ఒక్కో పక్కన రాళ్లు నిలవని మేర అంత. జాక్ విజ్‌డమ్ 1980లో తేల్చిన సూత్రం. నీ గురుడికి 13.5 ఏయూ, రెండు పక్కలా 27. చిత్రంలో ఉన్నది 40. అది రావాలంటే నాలుగు గురుళ్లంత గ్రహం పెట్టాలి. కానీ అలాంటి గ్రహం ఆ దారిని పూర్తిగా ఊడ్చేస్తుంది, అసలు చిత్రంలోనేమో ఖాళీలో దుమ్ము సగమే తగ్గింది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఒకే చోట కూర్చున్న ఒక్క గ్రహం ఈ రెండూ కలిపి ఇవ్వలేదు. మాస్టారు చెప్పినట్టు గ్రహాన్ని జరిపి చూడు. చిన్న గ్రహాలు రెండు మూడు పెట్టి కూడా చూడు.

ఖాళీ కనబడగానే గ్రహం అనేయడం తొందరపాటు. ఫోమల్‌హాట్ అనే చుక్క చుట్టూ ఉన్న వలయంలో 2008లో గ్రహం దొరికిందని ప్రకటించారు, హబుల్‌లో దాని కదలిక కూడా కనబడింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మచ్చ ఉబ్బింది, మసకబారింది. అది గ్రహం కాదు, రెండు రాళ్లు గుద్దుకున్న దుమ్ముమబ్బు అని 2020లో గాష్‌పార్, రీకీ వాదించారు. 2023లో హబుల్ మళ్లీ చూస్తే పాతది కనబడలేదు, ఇంకో చోట కొత్త మచ్చ వెలిగింది. నాకు గ్రహం దొరకడం కంటే ఇదే గొప్పగా తోచింది.

ఒక పని చెయ్యి, సరదాగా. క్రషర్ డస్ట్ కిలో తెచ్చి జల్లెడ పట్టి తూచు. ఒక్కో జల్లెడకి కన్నం సగమవుతుంటే డోనాని ప్రకారం దాని మీద ఆగే బరువు 1.41 రెట్లు తగ్గాలి.

కంకరమిల్లు_పిల్ల

వారం తర్వాత రాస్తున్నాను.

ముందు మా సార్ సంగతి. చింతచెట్ల కథ, బీటా లెక్క రెండూ బోర్డు మీద చెప్పాను. సార్ కుర్చీలోంచి లేచి వచ్చి బీటా లెక్కలో ఒక స్టెప్ తానే దిద్దారు. "ఇది రిపోర్టులో మొదటి పేజీలో పెట్టు" అన్నారు.

మెర్క్యూరియస్‌తో, 2 పై పెట్టి, నిజంగా కోటి ఏళ్లు నడిపాను. అంచులు శుభ్రంగా వచ్చాయి. వెడల్పు 27కి కాస్త అటూఇటూ. నాకు ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, ఖాళీ నడుమ, గ్రహం దారిలోనే, దానికి 60 డిగ్రీలు ముందూ 60 డిగ్రీలు వెనకా కొన్ని రాళ్లు పోకుండా నిలబడ్డాయి. గురుడి ట్రోజన్ల గురించి క్లాసులో చదివాను గానీ, నా స్క్రీన్ మీద వాటంతట అవే మిగలడం చూస్తుంటే అరగంట కదల్లేకపోయాను.

జల్లెడ కూడా పట్టాను అక్కా. సివిల్ డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో అడిగితే ఇచ్చారు. నాన్న సిమెంటు సంచిలో డస్ట్ తెచ్చిపెట్టాడు. కిలో తూచి పోశాను. 2.36 మిల్లీమీటర్ల జల్లెడ మీద 262 గ్రాములు ఆగింది, 1.18 మీద 208, ఆ తర్వాత 157, 128, 87, చివర 75 మైక్రాన్ల మీద 61. సగటున ఒక్కో మెట్టుకి 1.34 రెట్లు తగ్గింది. ఘాతం లెక్కేస్తే 3.58 వచ్చింది. క్రషర్ దవడల్లో రాయి ఒక్కసారే నలుగుతుంది, బెల్టులో కోట్ల ఏళ్లు నలుగుతూనే ఉంటుంది, రెండూ ఒకటి కాదని తెలుసు. అందుకే దీన్ని రిపోర్టులో రుజువుగా పెట్టడం లేదు. నాన్నకి మాత్రం కాగితం మీద గీత గీసి చూపించాను. వేలితో ఆ గీత వెంట పైకి పోయి, "ఇట్లనే పోతే గుట్ట వస్తదా?" అని అడిగాడు. ఆ గీత ఎక్కడ ఆగుతుందన్నదే ఇప్పుడు గొడవ అని చెప్పాను.

ఇప్పుడు గ్రహాన్ని 65 నుంచి 85 దాకా మెల్లగా జరుపుతున్నాను, రీబౌండ్‌కి తోడుగా వాడే రీబౌండ్‌ఎక్స్‌తో. తెల్లవారుజామున నాన్న టిప్పర్ తీయడానికి పోతూ స్క్రీన్ చూసి, 38 శాతం అయిందని నిద్రలో ఉన్న నాకు చెప్పి పోయాడు. ఇది రాసేటప్పటికి 61. అయిపోగానే బొమ్మ ఇక్కడే పెడతాను.